పలక మీద రెండో చోటు

రత్నం ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు రెండున్నాయి, ఒక మడత మంచం ఉంది. అయినా ఆమె కూర్చునేది మాత్రం ఒక నీలం రంగు పడవ పలక మీదే. మూడు మూరల పొడవున్న ఆ పలకని వంటింటి గుమ్మం పక్కన రెండు సిమెంటు దిమ్మల మీద పెట్టుకుంది. టీ తాగినా అక్కడే, చిక్కుళ్ళు ఒలుచుకున్నా అక్కడే. ఎప్పుడు కూర్చున్నా కుడి చివరే కూర్చునేది. ఎడమ చివర కూరల పళ్ళెం, ఉతికిన బట్టలు, పాత పేపర్లు ఉండేవి. ఎవరైనా తెలియక కుడి చివర కూర్చోబోతే, "అక్కడ కాదండీ, కుర్చీ ఉంది కదా" అనేది. ఆ మాట అనే తీరుకి వచ్చినవాళ్ళు కుర్చీలో కూడా సగమే కూర్చునేవారు.

ఆ కుడి చివర ఆమె భర్త ఎల్లాజీ చోటు. పడవ అడ్డపలక మీద అక్కడ కూర్చునే అతను ఇంజను పిడి పట్టుకునేవాడు. ఏడాది కిందట ఒక ఆదివారం పొద్దున, భీమిలి దాటాక వచ్చే వాళ్ళ పేట ఎదురుగానే, ఒడ్డు కెరటాల్లో ఆ పడవ విరిగిపోయింది. రెండు రోజులకి ఈ పలక ఒడ్డుకొచ్చింది. మనిషి రాలేదు.

ఒక సాయంత్రం శేషగిరిగారు వచ్చి కుర్చీలో సగం కూర్చున్నారు. రత్నం పనిచేసే ప్రయోగశాలకి ఆయనే పెద్ద. మంచాయన, కానీ మంచి మాట మొదలుపెట్టడానికి కూడా పావుగంట దగ్గుతారు.

"రత్నం గారూ, పలక ఇవ్వక తప్పదండీ" అన్నారు చివరికి. "వచ్చే నెల కమిటీ కూర్చుంటోంది. పడవ ఎందుకు విరిగిందో చెప్పలేకపోతే పని మొత్తం ఆపేయమంటారు. అచ్చులు పగలగొట్టాలి, తయారైన సరుకంతా తగలబెట్టాలి."

"స్కానింగు చేశారు కదండీ."

"ఆ నీలం రంగులో ఏదో లోహపు పొడి ఉంది. బొమ్మంతా మసకే. రంగు గీకి, పలక కోసి చూస్తే తప్ప తేలదు."

"గీకొద్దు" అంది రత్నం.

ఆ రంగు ఎల్లాజీ తన చేత్తో వేసింది. పలక కుడి మూల రంగులో కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఆరిపోయింది. చీకట్లో కూడా రత్నం వేలు ఆ వెంట్రుక దగ్గరకి తిన్నగా వెళ్ళిపోతుంది. పోయిన మనిషి తాలూకు ఫొటోలు ఫోన్ నిండా ఉన్నా, ఆ వెంట్రుక ఇచ్చేంత ధైర్యం ఏ ఫొటో ఇవ్వలేదు.

శేషగిరిగారు లేచారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "చైత్ర మొన్న మళ్ళీ వచ్చింది" అన్నారు. ఆ మాట అనడం అన్యాయమని ఆయనకీ తెలుసు. అందుకే తల ఎత్తకుండా వెళ్ళిపోయారు.

వాళ్ళు తయారుచేసిన సరుకుకి కాగితాల మీద బారెడు పేరుంది. ప్రయోగశాలలో అందరూ 'అలవాటు సరుకు' అనే పిలుస్తారు.

మామూలు ఫైబర్ పడవ సంగతి ఇలా ఉంటుంది. నార పరిచి దాని మీద రెసిన్ జిగురు పట్టించి గట్టిపరుస్తారు. అయితే రేపు ఏ మూల ఎంత బరువు పడుతుందో చేసేవాడికి తెలియదు. ఎంతమంది వస్తారో తెలియని పెళ్ళికి వండినట్టు అన్నిచోట్లా దండిగా వేసేస్తాడు. అందుకే పడవ బరువు. ఆ బరువుని రోజూ ఇసుకలోంచి లాగి లాగి ఎల్లాజీ నడుం ముప్పై ఏళ్ళకే పట్టేసింది. రాత్రిళ్ళు అతని నడుముకి ఆముదం రాస్తూ రాస్తూనే రత్నానికి ఈ పిచ్చి పట్టుకుంది. అవసరం లేని బరువుని తనంతట తనే వదిలేసుకునే పడవ ఒకటి చెయ్యాలి, అంతే.

చేసింది కూడా. గోగునారలో రత్నం, ఆమెతో పనిచేసేవాళ్ళు కలిపిన ఆ రెసిన్ పచ్చిగా ఉన్నన్నాళ్ళు బరువుని గుర్తుపడుతుంది. నొక్కు పడిన చోటికి నార వెంబడి పాకి వెళ్ళి అక్కడ బిగుస్తుంది. ఎవరూ నొక్కని చోట సడలిపోయి, తెల్లటి పొడిగా రాలిపోతుంది. కొన్ని వారాలు వాడితే వాడే మనిషికి తగ్గట్టు సరుకు తయారవుతుంది. పొడి రాలడం ఆగాక వేడిగదిలో పెట్టి కాలుస్తారు. కాల్చిన కుండ మళ్ళీ మట్టి కానట్టే, ఆ తరవాత అది కొత్తది నేర్చుకోదు, నేర్చుకున్నది మరవదు. అలా తయారైన పడవని ఎల్లాజీ అక్క దానమ్మ, ఇంకో ఆడమనిషి కలిసి ఇసుకలోంచి ఎత్తి చూపిస్తే పేట పేటంతా నోరు తెరిచింది.

అదే సరుకుతో చైత్రకి కాలు కూడా పోశారు. ఆ పిల్లకి పదేళ్ళు. లారీ కింద పడి కుడికాలు మోకాలి కిందనుంచి పోయింది. ఎక్కడో శిబిరంలో ఇచ్చిన కాలు ఆ పిల్లకంటే బరువు. పట్టీ ఒరుసుకుని తొడ పుండయ్యేది. కొత్త కాలు పచ్చిగానే బీరువాలో, గుడ్డ చుట్టి ఉంది. ఎల్లాజీ పడవ విరిగిన రోజునుంచి ఆ బీరువాకి తాళం పడింది.

మర్నాడు రత్నం పనిలోకి వెళ్ళేసరికి చైత్ర వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న ఆటోలో దింపి వెళ్ళిపోయాడు. పాత కాలు ఊడదీసి పక్కన పెట్టుకుని గాలి తగిలించుకుంటోంది.

"ఆంటీ, నాకు పోసిన కాలూ, ఆ పడవా ఒకటే సరుకంట గదా" అంది.

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న. అందుకే ఇవ్వట్లేదంట. ఇరిగిపోద్దని."

చైత్ర కాసేపు ఆలోచించి, తనే రత్నానికి ధైర్యం చెప్పింది. "ఇరిగితే ఇరగనీ ఆంటీ. నేను నేల మీదే గదా ఉంటాను. కింద పడతాను, అంతే. ఇక్కడ నీల్లు లేవు గదా."

రత్నం లోపలికి వెళ్ళి, తలుపేసుకుని, చాలాసేపు ఏడ్చింది. ఏడ్చాక మొహం కడుక్కుని ప్రయోగశాల జీపు అడిగింది. మధ్యాహ్నానికి నీలం పలక పనిబల్ల మీదకొచ్చింది.

రంగు ఇంకెవర్నీ గీకనివ్వలేదు. తనే గీకింది. రాలిన నీలం పెచ్చుల్ని టిఫిన్ డబ్బాలోకి ఎత్తుకుంది. గీకుతున్నంతసేపూ ఆమెకి ఎల్లాజీ మాటలే చెవిలో పడుతున్నాయి.

పడవ పచ్చిగా ఉన్నప్పుడు అతనికి చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "బావా, రేపు దీని మీద ఏ బరువు ఎక్కుతుందో ఇప్పుడూ అదే ఎక్కించు. లేనిపోనిది నేర్పకు."

"అంటే దీన్ని బల్లో ఏస్తన్నామన్నమాట" అన్నాడతను.

"అంతే."

"మరి మేస్టారు నానే గదా!" అని మీసం దువ్వుకున్నాడు. ఆ సాయంత్రమే పెరట్లో బట్టలారేస్తున్న రత్నాన్ని వెనకనుంచి అమాంతం ఎత్తేసి, అటూ ఇటూ నాలుగడుగులు నడిచాడు. నడుం పట్టేస్తుంది దింపు బావా అని ఆమె గోల పెడుతుంటే, "ఎంతుంటావే నువ్వు?" అని అడిగాడు. "యాబై రెండు" అంది. "బియ్యం బస్తా కన్నా ఎక్కువే" అని దింపి నవ్వాడు. ఆమె చేతిలో ఉన్న తడి తువ్వాలు పెట్టి కొట్టింది.

ఆ పేటలో ఆడవాళ్ళు వేటకెళ్ళరు. కానీ ఎల్లాజీకి ఒక కోరిక ఉండేది. రత్నాన్ని కెరటాలు దాటించి, సముద్రం మీద ఇంజను ఆపి, అక్కడనుంచి తమ ఊరు చూపించాలి. "కొండా, ఇళ్ళూ, మీ ఆఫీసూ అన్నీ అరసేతిలో పట్టేస్తాయే, ఒక్కసారి రా" అనేవాడు. రత్నం ప్రతిసారీ వచ్చే ఆదివారం అనేది. అన్న మాట నిజం చెయ్యాలనే అనేది. తీరా ఆదివారం వచ్చేసరికి ఏదో ఒక అచ్చు ఆరాల్సి ఉండేది.

చివరికి ఒక ఆదివారం వస్తానని ఒట్టేసింది. పొద్దున్నే ఒక చిన్న పని చూసుకుని వచ్చేద్దామని ప్రయోగశాలకి వెళ్ళింది. నార మీద ప్లాస్టిక్ తొడిగి, గాలి లాగేసి, రెసిన్ పారించే పని అది. పారడం మొదలైతే మధ్యలో వదిలి వెళ్ళకూడదు. ఎక్కడో చిల్లు పడి గాలి దూరింది. చేతులు అంటుకుపోయి, ఫోన్ భుజంతో నొక్కిపట్టి, "బావా, ఒక్క గంట" అంది.

"గంటైతే గాలి తిరిగిపోద్దే" అన్నాడు. కోపంగా కాదు. "సరే, నానలా ఓ సుట్టు తిప్పి తెత్తాను. నువ్వొచ్చీసరికి ఒడ్డునుంటాను."

అదే ఆఖరి మాట. రత్నం ఆ మాటని రోజూ వింటూనే ఉంది. వచ్చీసరికి ఒడ్డునుంటానన్నవాడు లేడు, తనేమో వచ్చి ఏడాదయింది.

రంగంతా పోయాక శేషగిరిగారు, రత్నం కలిసి పలకని కిటికీలో ఎండకి ఎత్తి పట్టుకున్నారు. బరువు పడని చోట సరుకు పల్చబడి, తేనె రంగులో వెలుతురు దాటుతోంది. కుడి చివర మాత్రం చిక్కటి నీడ. ఎల్లాజీ కూర్చున్న చోటు. కుడి తొడ కంటే ఎడమ తొడ మోపిన నీడ ఎక్కువ చిక్కగా ఉంది. పట్టేసిన నడుంతో ఎప్పుడూ ఎడమకే ఒరిగి కూర్చునేవాడు. రత్నం ఆ నీడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదేమిటి?" అన్నారు శేషగిరిగారు.

ఎడమ చివర ఇంకో నీడ ఉంది. గుండ్రంగా, కుడివైపుదానంత చిక్కగా.

"పడవలో ఇంకెవరో ఉండేవారన్నమాట" అని, అన్నందుకు నొచ్చుకుని, దగ్గారు.

రత్నం మొదటి నీడ మీదనుంచి చెయ్యి తీసేసింది. ఒకసారి ఎక్కి దిగితే పడే నీడ కాదది. వారాల తరబడి రోజూ అతని పక్కన కూర్చున్న మనిషి బరువు. పడవ అలవాటు పడుతున్న రోజుల్లో దానికి బిగించిన మీటరు బరువు ఎక్కువ చూపించిన మాట నిజమే. మీటరు మొత్తం బరువే చెబుతుంది, ఎక్కడ ఎంతో చెప్పదు. "వలా, ఐసుపెట్టే అయ్యుంటాయిలెండి" అని అప్పుడు తేల్చేసింది రత్నమే. ఎల్లాజీ వేటకెళ్ళేది ఒక్కడే, మరి ఇదెవరు? పుట్టకూడని అనుమానం ఒకటి పుట్టింది. పోయినవాణ్ణి అనుమానించడం ఎంత నీచమో తెలిసి కూడా, ఆ కాసేపూ ఆమె పేటలో ఆడవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది.

చిక్కదనాన్ని బట్టి బరువు లెక్కకట్టే యంత్రం ఉంది. దాని కింద పలక ఎడమ చివర పెట్టారు. యాభై రెండు అని చూపించింది.

రత్నం బయటికి నడిచి, పేటకి వెళ్ళే బస్సెక్కింది.

దానమ్మ ఒడ్డున కవ్వళ్ళు ఎండబెడుతోంది. తమ్ముడు పోయినప్పటినుంచి ఆమె గొంతు తగ్గింది గానీ చెయ్యి ఊరుకోదు. చేపలు తిరగేస్తూనే, "ఏటమ్మా, ఇలాగొచ్చినావు?" అంది.

"ఒదినా, ఎల్లాజీ బావ పక్కన పడవలో ఎవులు కూకునేవారు?"

దానమ్మ చెయ్యి ఆగింది. "ఎవులు కూకుంటారే? నువ్వే కూకున్నావు."

"నానెప్పుడూ పడవెక్కలేదు ఒదినా."

"అదే మరి. నువ్వెక్కవని నీ బదులు ఇసక మూట ఎక్కించినాడు. నిన్నెత్తి సూసినాడంట గదా, అంత బరువూ తూసి కట్టినాడు. నీ పాత సీర ముక్క సుట్టినాడు దానికి. పేటలో నవ్వనోళ్ళు నేరు. 'పడవకి మాయావిడ బరువు తెలీకపోతే రేపెక్కీసరికి బెదిరిపోద్ది, ఏ బరువెక్కుద్దో అదే నేర్పమంది గదా' అని మాకే సెప్పేవోడు."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్పొద్దన్నాడు. కెరటాలు దాటినాక తనే సెప్తానన్నాడు. సెప్పి నీ మొకం సూడాలంట." దానమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ దినం మూట దింపీసినాడు. రత్నమొస్తంది, దానికి సోటుండాల గదా అని. ఎంతసేపు సూసినాడనుకున్నావు ఆ రోడ్డు కేసి! అదిగో, టార్పాలు మీద నున్నది, అదే మూట."

వలల మీద కప్పిన టార్పాలిన్ గాలికి లేవకుండా ఒక గోనె మూట పెట్టి ఉంది. ఎండకి వెలిసిన ఆకుపచ్చ చీర ముక్క దాని మెడకి ఇంకా చుట్టి ఉంది. రత్నం దాని పక్కన ఇసుకలో కూలబడింది. ఏడాదిగా ఏ సముద్రాన్ని తిట్టుకుందో ఆ సముద్రం ఎదురుగా, మూట మీద చెయ్యేసుకుని కూర్చుంది. విరిగినందుకు సరుకుని తిట్టుకుంది, రానందుకు తనని తిట్టుకుంది. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియలేదు. బావ కావాలి, అంతే. ఒక్కసారి వచ్చి ఈ సంగతి తన నోటితో చెప్పి, మొహం చూసి, వెళ్ళిపోయినా చాలు.

ఇంక తేలాల్సింది చిన్న లెక్కే. పడవ రెండు పక్కలనీ పట్టి ఉంచేది ఆ అడ్డపలక. రెండు చివర్లా సమానంగా బరువు పడితే ఎలా నిలబడాలో అది నేర్చుకుంది. ఒక్క చివర బరువుతో ఎలా నిలబడాలో దానికెవరూ నేర్పలేదు. అందుకు కావలసిన బలాన్ని ఎవరికీ అక్కరలేదనుకుని పొడిగా రాల్చేసుకుంది. ఆ ఆదివారం ఎల్లాజీ ఒక్కడే తన చోట కూర్చున్నాడు. ఒడ్డు కెరటం అడ్డంగా కొట్టేసరికి పలక మెలిపడింది, అతుకు ఊడింది, పడవ రెండయింది.

కానీ కమిటీకి మాటలు చాలవు. కోసిన ముక్కలు కావాలి.

"ఎడమవైపు కోసినా సరిపోతుందేమో చూద్దామా?" అన్నారు మర్నాడు పనిబల్ల దగ్గర శేషగిరిగారు. మంచి మాటని ఆయన దగ్గకుండా మొదలుపెట్టడం అదే మొదటిసారి.

రత్నం పెన్సిలుతో కుడివైపు గీత గీసింది. "విరుపు మొదలైంది కుడివైపండీ. అటు కోస్తేనే నమ్ముతారు."

రంపం తనే పట్టుకుంది. ఒకప్పుడు కుంచె వెంట్రుక ఉండే మూల, ఒరిగి కూర్చున్న తొడ నీడ, అన్నీ పల్చటి బిళ్ళలుగా పడ్డాయి. గదంతా గోగునార వాసన వేసింది. ఒక్కో బిళ్ళనీ విరిచి చూస్తే, మెలి తిరిగితే ఆపాల్సిన నార ఉన్న చోట రెసిన్ లేదు, ఒట్టి గుల్ల. సరుకు తప్పు చెయ్యలేదు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. అంతవరకే చెప్పింది వీళ్ళు.

కమిటీ నాలుగు గంటలు కూర్చుని, రెండు షరతులు పెట్టి లేచింది. ఇకనుంచి బరువుతో ఎన్నాళ్ళు నేర్పితే బరువు లేకుండా కూడా అన్నాళ్ళు నేర్పాలి. ఎక్కడ ఎంత బరువు పడుతోందో విడివిడిగా చూడకుండా దేన్నీ కాల్చకూడదు. బీరువా తాళం తీశారు.

చైత్ర పచ్చి కాలు తొడుక్కుని ఇంటికెళ్ళింది. పదిరోజుల తరవాత వాళ్ళ నాన్న ఆ పిల్లని తీసుకొచ్చినప్పుడు రత్నం కాలు విప్పించి తూచి చూసి ఉలిక్కిపడింది. ఉండాల్సిన దానికంటే చాలా తేలిగ్గా ఉంది. పొడి మరీ ఎక్కువ రాలిపోయింది.

"ఎలా నడుస్తున్నావే? చూపించు" అంది.

చైత్ర వరండాలో నడిచి చూపించింది. కొత్త కాలు ఆనీ ఆనకుండా, నిద్రపోతున్న పాపాయి పక్కనుంచి వెళ్ళినట్టు నడిచింది.

"మా అమ్మ జాగర్త అంది ఆంటీ. పాడైపోద్దని. పడుకునేటప్పుడు మంచం మీద నా పక్కనే పెట్టుకుంటన్నాను."

రత్నం ఆ పిల్లని దగ్గరకి లాక్కుంది. ఒక మనిషి ప్రేమకొద్దీ నేర్పిన పాఠం ఏం చేసిందో ఆమెకి తెలుసు. ఇప్పుడీ పిల్ల కూడా అదే ప్రేమతో కాలికి అబద్ధం నేర్పుతోంది.

"ఇలా చూడు. దీన్ని ముద్దు చెయ్యకు. దీని మీద జాలి పడకు. పరిగెత్తు, గెంతు, మెట్ల మీదనుంచి దూకు. తమ్ముణ్ణి ఎత్తుకుని నడువు, దింపేసి కూడా నడువు. పుస్తకాల సంచీ తగిలించుకుని ఒకరోజు, లేకుండా ఒకరోజు. కోపమొస్తే తన్ను."

"ఎవుల్ని?"

"గోడని."

చైత్ర పకపకా నవ్వి, నవ్వు ఆగకుండానే మొత్తం బరువంతా ఆ కాలి మీద వేసి ఒక్క గెంతు గెంతింది. రాలిపోయిన చోట మళ్ళీ రెసిన్ పట్టించి, కాలుని మొదటినుంచీ బడిలో వేశారు. ఈసారి వాళ్ళమ్మ రోజూ వచ్చి, పిల్ల పెట్టే అల్లరి భరించలేకపోతున్నానని రత్నానికి ఫిర్యాదు చేసేది. రత్నం ఆ ఫిర్యాదులన్నీ సంతోషంగా విని టీ ఇచ్చి పంపేది.

కాలు కాల్చి చైత్రకి ఇచ్చేసిన రోజు, పలకలో మిగిలిన ముక్కని రత్నం అడిగి తెచ్చుకుంది. కుడివైపంతా పరీక్షలకే అయిపోయింది. మిగిలింది ఎడమ చివర, మూరెడు. ఏడాదిగా కూరల పళ్ళెం పెట్టిన చోటు. చంకలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. ఇంటికి తీసుకెళ్ళలేదు. పేట దగ్గర బస్సు దిగి ఒడ్డుకి నడిచింది.

వేట ముగించుకుని పడవలు వచ్చేశాయి. దానమ్మ తట్టలు కడుక్కుంటూ మరదల్ని చూసి పలకరించబోయి, చంకలో ముక్కని చూసి ఊరుకుంది. రత్నం ఇసుక మూట దగ్గర పలకముక్కని తడి ఇసుక మీద సర్ది పెట్టింది. ఇన్నాళ్ళూ అతని చోట కూర్చుంది గానీ, అతను తన కోసం ఉంచిన చోట ఒక్కసారి కూడా కూర్చోలేదు. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, కొత్త పడవ ఎక్కేవాళ్ళలా భయంభయంగా కూర్చుంది. తెలియకుండానే కొంచెం ఎడమకి జరిగి, కుడిపక్క చోటు వదిలింది. అటు ఇసకే ఉంది.

"వచ్చాను బావా" అంది.

పలక కొంచెం కూడా వంగలేదు. ఆ బరువు దానికి ముందే తెలుసు.